గిటారు గుయ్‌మంటుంది ఎందుకు?

మహానంది తిరునాలలోనో, నంద్యాలలో వినాయక చవితి పందిట్లోనో పాట కచేరీ జరగబోతోందనుకోండి. వేదిక చుట్టూ ట్యూబులైట్లు, రంగురంగుల సీరియల్ సెట్లు, వెనకాల జనరేటరు. పాడేవాళ్ళు ఇంకా రాలేదు. వాయిద్యాలవాళ్ళు ఒక్కొక్కరే యాంప్లిఫయర్లు ఆన్ చేస్తున్నారు. ఎలక్ట్రిక్ గిటారు వంతు వచ్చేసరికి స్పీకర్లలో "గుయ్..."మని ఒక శబ్దం మొదలవుతుంది. ఎవరూ తీగ మీటలేదు. అయినా ఆ శబ్దం ఆగదు. గిటారు పట్టుకున్నతను కాస్త పక్కకు తిరిగితే తగ్గుతుంది, మళ్ళీ ఇటు తిరిగితే పెరుగుతుంది. ఎప్పుడైనా గమనించారా?

తీగ మీటకుండా శబ్దం ఎక్కడినుంచి వచ్చింది? గిటారుకు దిక్కులతో పనేమిటి? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు మీ భౌతికశాస్త్రం పుస్తకంలోనే ఉంది. అంతేకాదు, ఆ శబ్దాన్ని పోగొట్టే ఉపాయం కూడా ఆరో తరగతి కూడికలు, తీసివేతలు వచ్చినవారికి అర్థమవుతుంది.

ముందు ఎలక్ట్రిక్ గిటారు సంగతి చూద్దాం. వీణకు కుండ ఉంటుంది. మామూలు గిటారుకు బోలుపెట్టె ఉంటుంది. తీగ కంపిస్తే ఆ పెట్టె, దానిలోని గాలి కంపించి శబ్దం పెద్దదవుతుంది. ఎలక్ట్రిక్ గిటారు చాలావరకు ఒట్టి చెక్క దిమ్మ. యాంప్లిఫయరు లేకుండా మీటితే పక్క గదిలోకి కూడా వినబడదు. దాని తీగల కింద 'పికప్పు' అనే చిన్న భాగం ఉంటుంది. అందులో ఉండేవి రెండే: అయస్కాంతం, దాని చుట్టూ చుట్టిన రాగితీగ. ఆ రాగితీగ మీ తలవెంట్రుకంత సన్నం, సుమారు 0.06 మిల్లీమీటర్లు. దాన్ని దాదాపు 8,000 చుట్లు చుడతారు.

గిటారు తీగ ఉక్కుది. కింద అయస్కాంతం ఉంది కనుక తీగలో ఆ భాగం కూడా కొద్దిగా అయస్కాంతమవుతుంది. మీటినప్పుడు అది ఊగుతుంది. అది ఊగినప్పుడల్లా చుట్టలోంచి పోయే అయస్కాంత అభివాహం మారుతుంది. అభివాహం మారితే చుట్టలో విద్యుత్తు పుడుతుందని మైకేల్ ఫారడే 1831లో కనుగొన్నాడు. అయిదో తీగ సెకనుకు 110 సార్లు కంపిస్తే, చుట్టలోని విద్యుత్తు కూడా సెకనుకు 110 సార్లు అటూ ఇటూ మారుతుంది. ఆ విద్యుత్తు చాలా స్వల్పం. వోల్టులో పదో వంతు అనుకోండి. దాన్ని యాంప్లిఫయరు పెంచి స్పీకరుకు ఇస్తుంది. అమెరికాలో జార్జ్ బోషాంప్, అడాల్ఫ్ రికెన్‌బాకర్ 1930ల ఆరంభంలో ఈ పద్ధతితో తయారుచేసిన గిటారు అల్యూమినియంతో పోతపోసింది. గుండ్రని ఒళ్ళు, పొడుగాటి కాడ. అచ్చం అట్లపెనంలా ఉండేది. జనం దాన్ని 'పెనం' అనే పిలిచారు.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. పికప్పుకు గాలిలోని శబ్దం వినబడదు. దానికి తెలిసేది ఉక్కు కదలిక ఒక్కటే. నైలాను తీగలున్న గిటారుకు ఈ పికప్పు పెడితే ఏమీ పలకదు. వీణకు కూడా పేచీ ఉంది. వీణలో సారణి, పంచమం ఉక్కు తీగలు. మంద్రం, అనుమంద్రం సంప్రదాయంగా ఇత్తడి లేక కంచు తీగలు. అయస్కాంతపు పికప్పుకు ఉక్కు తీగలు బాగానే తెలుస్తాయి, ఇత్తడి తీగలు దాదాపు తెలియవు. నాలుగు తీగల్లో రెండు మూగబోతే ఇంకేం కచేరీ! అందుకే వీణకు చెక్క అదురును పట్టుకునే వేరే రకం మైకు అతికిస్తుంటారు.

ఎలక్ట్రిక్ వాయిద్యం అనగానే సినిమా పాటలే గుర్తుకు రానక్కర్లేదు. పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ కర్ణాటక సంగీతాన్ని ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద పలికించాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవంలో తొలి కచేరీ చేసేనాటికి అతనికి తొమ్మిదేళ్ళు. 2014లో చెన్నైలో కన్నుమూసేనాటికి 'మాండొలిన్ శ్రీనివాస్' అంటే ప్రపంచమంతా తెలుసు. మామూలు మాండొలిన్‌కు జంటలు జంటలుగా ఎనిమిది తీగలుంటాయి. మీటిన స్వరం టింగుమని వెంటనే ఆరిపోతుంది. అటువంటి దానిమీద గమకం పలకడం కష్టం. శ్రీనివాస్ ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ వాడాడు. ఒంటి తీగను లాగి వంచడం సులువు. సన్నబడిపోతున్న స్వరాన్ని యాంప్లిఫయరు వినిపిస్తూనే ఉంటుంది కనుక గమకం చివరిదాకా అందుతుంది.

గుయ్‌మనే శబ్దం చేసే అసలు హాని కూడా అక్కడే. మహానంది కోనేటి నీళ్ళు తేటగా ఉంటాయి. అడుగున పడిన నాణెం పైకి కనబడుతుంది. అవే నీళ్ళు కొంచెం కలిగితే ముందుగా కనబడకుండా పోయేది స్తంభమా, నాణెమా? నాణెమే కదా. అలాగే గుయ్‌మనే శబ్దం వల్ల గట్టి స్వరాలకు ఏమీ కాదు. స్వరం సన్నబడే చోట, రెండు స్వరాల మధ్య నిశ్శబ్దంలో అది పైకి తేలుతుంది. సున్నితమైనదే మొదట మునిగిపోతుంది.

ఇంతకూ ఆ శబ్దం ఎక్కడిది? మన ఇళ్ళకు వచ్చే విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు తిరిగే ఏకాంతర విద్యుత్తు. అది పారే ప్రతి తీగ చుట్టూ, ప్రతి ట్రాన్స్‌ఫార్మరు చుట్టూ, ట్యూబులైటు చోకు చుట్టూ మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రం ఉంటుంది. 8,000 చుట్ల రాగితీగ ఆ క్షేత్రంలో కూర్చుంది. అభివాహం మారితే విద్యుత్తు పుట్టాలి, పుడుతుంది. ఈ మార్పు గిటారు తీగ వల్ల వచ్చిందా, పక్కనున్న ట్రాన్స్‌ఫార్మరు వల్ల వచ్చిందా అని చుట్టకు తెలియదు పాపం. రెంటినీ ఒకేలా యాంప్లిఫయరుకు పంపుతుంది. క్షేత్రరేఖలు చుట్టలోంచి నేరుగా దూరితే శబ్దం ఎక్కువ, చుట్టకు పక్కవాటుగా పోతే తక్కువ. గిటారు పట్టుకున్నతను దిక్కు మారితే శబ్దం మారేది అందుకే.

50 హెర్ట్జ్ ఒక్కటే అయితే బాధ లేదు. దానితోపాటు 100, 150, ఇంకా పై గుణిజాలు కూడా వస్తాయి. ట్యూబులైటు ప్రతి ఆవృత్తిలో రెండుసార్లు వెలిగి ఆరుతుంది, అంటే సెకనుకు 100 సార్లు. వేదిక దీపాలను మందగించే డిమ్మరు విద్యుత్ తరంగాన్ని కత్తిరించినట్టు ముక్కలు చేస్తుంది కనుక దాని నుంచి "జర్ర్"మనే గరుకు శబ్దం వస్తుంది. చవక ఎల్.ఇ.డి. దీపాలు, సెల్‌ఫోన్ చార్జర్లు కూడా తమ వంతు కలుపుతాయి.

"ఆ 50, 100 హెర్ట్జ్‌లను మాత్రం వడగట్టి పారేస్తే సరిపోదా?" అని మీలో ఎవరైనా అడగవచ్చు. మంచి ప్రశ్న. గిటారులో అన్నిటికంటే లావు తీగ 82 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. ఆ తీగనే మూడో మెట్టు దగ్గర నొక్కితే 98 హెర్ట్జ్. 100 హెర్ట్జ్‌ను వడగడితే దానితోపాటు ఈ స్వరం కూడా పోతుంది. వడగట్టకుండా వదిలేస్తే 98, 100 కలిసి సెకనుకు సుమారు రెండు విస్పందనాలు వినబడతాయి. స్వరం ఊగుతున్నట్టుంటుంది. దొంగ, దొర ఒకే రకం బట్టలు వేసుకొస్తే గుమ్మం దగ్గర కాపలావాడు ఏం చేస్తాడు? వేరే ఉపాయం కావాలి.

ఆ ఉపాయం రెండు చుట్టలు వాడటం. రెండు చుట్టలు పక్కపక్కన పెట్టండి. ఒకదానిలో అయస్కాంతపు ఉత్తర ధ్రువం పైకి ఉండాలి, రెండోదానిలో దక్షిణ ధ్రువం పైకి ఉండాలి. లెక్క సులువుగా ఉండేందుకు ఒక్కొక్క చుట్టలో తీగ పాట 5, గుయ్ శబ్దం 3 అనుకుందాం.

మొదటి చుట్టలో 5 + 3 = 8.

రెండో చుట్టలో అయస్కాంతం తలకిందులైంది కనుక తీగ పాట −5 అవుతుంది. గుయ్ శబ్దం మాటేమిటి? అది బయటినుంచి వచ్చింది. పికప్పులోని అయస్కాంతంతో దానికి సంబంధం లేదు. అది 3గానే ఉంటుంది. కాబట్టి −5 + 3 = −2.

ఇప్పుడు రెండో చుట్ట కొసలు తారుమారు చేసి మొదటిదానికి కలపండి. కొసలు తారుమారు చేయడం అంటే తీసివేయడమే. 8 − (−2) = 10. పాట రెండింతలైంది, గుయ్ శబ్దం సున్నా అయింది! రుణసంఖ్యను తీసివేస్తే కూడిక అవుతుందని తరగతిలో చెప్పినప్పుడు ఇది దేనికి పనికొస్తుందా అనుకున్నవారికి ఇదిగో ఒక జవాబు.

అమెరికాలోని గిబ్సన్ కంపెనీలో పనిచేసిన సేత్ లవర్ ఇలాంటి పికప్పు తయారుచేసి 1955లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. 1957 నుంచి గిటార్లలో బిగించసాగారు, పేటెంటు మాత్రం 1959లో వచ్చింది. ఈలోగా చాలా పికప్పుల అడుగున "పేటెంటుకు దరఖాస్తు చేయబడినది" అని ఒక చీటీ అంటించేవారు. నేడు ఆ చీటీ ఉన్న పాత పికప్పులకు పలికే ధర వింటే ఆశ్చర్యమేస్తుంది. ఇంచుమించు అదే కాలంలో రే బట్స్ అనే ఆయన విడిగా ఇదే ఉపాయం కనిపెట్టాడు.

ఇది నిజమో కాదో మీ బడి ప్రయోగశాలలోనే చూడవచ్చు. రెండు దండాయస్కాంతాలు, గాల్వనా మీటరు, ఎనామెల్ పూత ఉన్న రాగితీగ కావాలి. మోటార్లు చుట్టే దుకాణంలో ఆ తీగ దొరుకుతుంది. టార్చిలైటు సెల్లు మీద చెరి 200 చుట్లు, రెండూ ఒకే దిశలో చుట్టి, సెల్లు తీసేయండి. కొసల దగ్గర పూతను గరుకు కాగితంతో గీకండి. రెండు చుట్టలను బల్లమీద ఆనించి పెట్టి, శ్రేణిలో కలిపి గాల్వనా మీటరుకు తగిలించండి. ఒక అయస్కాంతాన్ని నిలువుగా పట్టుకొని, సరిగ్గా రెండిటి మధ్యకు చటుక్కున దించండి. ముల్లు కదులుతుంది. ఇప్పుడు ఒక చుట్ట కొసలు మాత్రం తారుమారు చేసి అదే పని చేయండి. ముల్లు దాదాపు కదలదు. అయస్కాంతం రెండు చుట్టలకూ సమదూరంలో ఉంది, అది మన 'గుయ్' శబ్దం, రద్దయిపోయింది. కొసలు అలాగే ఉంచి, ఒక చుట్ట మీదికి ఉత్తర ధ్రువాన్ని, రెండోదాని మీదికి దక్షిణ ధ్రువాన్ని రెండు చేతులతో ఒకేసారి దించండి. ముల్లు గట్టిగా కొట్టుకుంటుంది. అది 'పాట'. ముల్లు మొదటిసారే కదలకపోతే కంగారుపడకండి. చుట్టలు ఎదురెదురు దిశల్లో కలిశాయన్నమాట, కొసలు మార్చి మళ్ళీ మొదలుపెట్టండి.

మరి గిటార్లన్నిటికీ ఈ జంట పికప్పే పెట్టి ఊరుకోక, ఒంటి చుట్టవి ఇంకా ఎందుకు తయారుచేస్తున్నారు? పలుకు కోసం. తీగ మొత్తంగా ఊగడమే కాక, చిన్న చిన్న భాగాలుగా కూడా ఊగుతుంది. ఆ చిన్న భాగాలే స్వరానికి మెరుపు తెచ్చే పై అనుస్వరాలు. జంట పికప్పు తీగను రెండు చోట్ల వింటుంది. పొట్టి తరంగం ఒక చుట్ట మీద పైకి, రెండోదానిమీద కిందికి ఉంటే ఆ రెండూ కొట్టేసుకుంటాయి. గుయ్ శబ్దంతోపాటు కొంత మెరుపు కూడా పోయి పలుకు బొద్దుగా అవుతుంది. కొందరికి అదే ఇష్టం. గలగలమనే పలుకు కావలసినవారు లియో ఫెండర్ 1954లో తెచ్చిన 'స్ట్రాటోకాస్టర్' వంటి ఒంటి చుట్టల గిటారునే కోరతారు. ఫెండర్ రేడియోలు బాగుచేసే మనిషి. ఆయనకు గిటారు వాయించడం రాదు!

ఈ రెండూ కావాలనేవారి కోసం వచ్చినవే 'నాయిస్‌లెస్' పికప్పులు, అంటే శబ్దరహితమైనవి. ఫెండర్ కంపెనీ ఆ పేరుతో 1990ల చివర అమ్మకానికి పెట్టింది. వీటిలో ఒక రకంలో రెండు చుట్టలు పక్కపక్కన కాకుండా ఒకదాని కింద ఒకటి ఉంటాయి. పై చుట్ట తీగకు దగ్గర. కింది చుట్ట దూరం కనుక పాట దానికి కొద్దిగానే వినబడుతుంది, గుయ్ శబ్దం మాత్రం అంతే వినబడుతుంది. పైన 5 + 3 = 8, కింద 1 + 3 = 4 అనుకోండి. 8 − 4 = 4. గుయ్ శబ్దం పోయింది, తీగను ఒకే చోట విన్నాం కనుక మెరుపు మిగిలింది. కాని పాట 5 నుంచి 4కు దిగింది. ఆ లోటు పూడ్చడానికి చుట్లు పెంచడం, రెండు చుట్టల మధ్య ఇనుప రేకు పెట్టడం వంటివి చేస్తారు. వాటివల్ల పలుకు మళ్ళీ కొంత మారుతుంది. అచ్చం పాతదానిలాగే పలుకుతుందని పెట్టె మీద రాసినా, చెవితో విని కొనడమే మంచిది.

పాత పికప్పు ఉన్న గుంటలోనే ఇది పడుతుంది కనుక చెక్క తొలచనక్కర్లేదు. అయితే డబ్బు పెట్టేముందు ఒక పరీక్ష చేయండి. మూడు పికప్పుల గిటారులో అయిదు స్థానాల స్విచ్చి ఉంటుంది. రెండో, నాలుగో స్థానాల్లో రెండేసి పికప్పులు కలిసి పలుకుతాయి. చాలా గిటార్లలో నడిమి పికప్పును తలకిందులు అయస్కాంతంతో, ఎదురు దిశ చుట్టతో చేస్తారు. ఆ రెండు స్థానాల్లో గుయ్ శబ్దం తగ్గితే మీ గిటారులో మన 8 − (−2) లెక్క ముందే ఉందన్నమాట. ఆ పలుకు మీకు నచ్చితే ఖర్చు తప్పింది.

పికప్పు మార్చడం అంటే ఒక తీగ స్విచ్చికి, ఒక తీగ ఎర్తుకు టంకం వేయడం. యాంప్లిఫయరు ప్లగ్గు గిటారు నుంచి తీసేశాకే మొదలుపెట్టాలి. టంకంలో సీసం ఉంటుంది, పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. బిగించాక రెండు పికప్పులు కలిపి వాయిస్తే పలుకు పీలగా, బోలుగా వచ్చిందా? ఒకదాని తీగలు తారుమారయ్యాయి, 5 + 5 బదులు 5 − 5 అవుతోంది. మార్చి వేయండి.

ఇక అమరిక. చాలామంది ఇక్కడే తొందరపడతారు. పికప్పు తీగకు దగ్గరైతే శబ్దం పెరుగుతుంది కదా అని పూర్తిగా పైకి లేపేస్తారు. అయస్కాంతం తీగను కిందికి లాగుతుంది. లాగుడు ఎక్కువైతే తీగ స్వేచ్ఛగా ఊగలేదు. ఒక స్వరం బదులు రెండు స్వరాలు కొట్లాడుకుంటున్నట్టు వినబడుతుంది. చివరి మెట్టు దగ్గర తీగను నొక్కిపట్టి కొలిస్తే, తీగ అడుగుకూ అయస్కాంతానికీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఎడం ఉండాలి, లావు తీగల వైపు కాస్త ఎక్కువ. పికప్పు ఎత్తు ఆఖరున చూసుకోవలసింది. దానికంటే ముందు మెడ వంపు, తరువాత తీగల ఎత్తు, తరువాత శ్రుతి. మెడలోని ఉక్కు కడ్డీని ఒకసారికి పావు చుట్టు మాత్రమే తిప్పి, మళ్ళీ శ్రుతిచేసి చూడాలి. ఆళ్ళగడ్డ శిల్పులు రాతిమీద ఉలి ఎంత జాగ్రత్తగా ఆనిస్తారో చూడండి. పోయిన రాయి తిరిగిరాదు, విరిగిన కడ్డీ కూడా అంతే. నంద్యాల ఎండలకు గాలి పొడిబారి మెడ చెక్క కుంచించుకుపోతుంది, వానాకాలంలో తేమ పీల్చి ఉబ్బుతుంది. కనుక వేసవిలో చేసిన అమరికను వానలు పడ్డాక మళ్ళీ చూసుకోవాలి.

శ్రుతి పరీక్షకు పన్నెండో మెట్టు గుర్తు. స్ట్రాటోకాస్టర్ తీగ పొడవు 648 మిల్లీమీటర్లు, దాని సగం 324 దగ్గర పన్నెండో మెట్టు. అక్కడ తీగను మెల్లగా తాకి మీటితే ఒక స్వరం, నొక్కి మీటితే ఒక స్వరం వస్తాయి. రెండూ ఒకటే కావాలి. నొక్కిన స్వరం హెచ్చుగా ఉంటే బ్రిడ్జి దగ్గర తీగ ఆనే ముక్కను వెనక్కు జరపండి, తగ్గుగా ఉంటే ముందుకు.

ఇంత చేసినా "జర్ర్"మనే గరుకు శబ్దం మిగిలి, తీగలమీద చెయ్యి వేయగానే అది తగ్గుతోందనుకోండి. అది అయస్కాంత క్షేత్రం కాదు, విద్యుత్ క్షేత్రం. మీ ఒళ్ళే యాంటెనాలా దాన్ని పట్టి గిటారుకు ఇస్తోంది. గిటారు తీగలు ఎర్తుకు కలిసి ఉంటాయి కనుక ముట్టుకోగానే మీ ఒళ్ళు కూడా ఎర్తు అవుతుంది. దీనికి మందు పికప్పు గుంటకు లోపల రాగిరేకు అతికించి ఎర్తుకు కలపడం.

ఎర్తు అన్నాం కనుక ప్రాణం మీదికి వచ్చే సంగతి ఒకటి. గుయ్ శబ్దం తగ్గుతుందని కొందరు యాంప్లిఫయరు మూడుపిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్ను తీసేస్తారు. కొన్నిసార్లు నిజంగానే తగ్గుతుంది కూడా, అదే ప్రమాదం. 1972 మే 3న వేల్స్‌లోని స్వాన్సీ పట్టణంలో 'స్టోన్ ద క్రోస్' బృందపు గిటారు వాద్యకారుడు లెస్ హార్వే ఎర్తు సరిగా లేని మైకును ముట్టుకొని, వేదిక మీదే విద్యుద్ఘాతంతో మరణించాడు. అతనికి 27 ఏళ్ళు. ఒక చేతిలో ఎర్తయిన గిటారు తీగలు, మరో చేతిలో కరెంటు దిగిన మైకు ఉంటే, దారి గుండెమీదుగానే. పందిట్లో గిటారు, మైకు, కీబోర్డు అన్నీ ఒకే ఎర్తుకు కలిసి ఉండాలి. జనరేటరుకు కూడా ఎర్తు కడ్డీ నేలలో దిగి ఉందా అని ఎలక్ట్రీషియను చేత చూపించాలి. ఆ పనిలో మీరు స్వయంగా చెయ్యి పెట్టకండి.

నాయిస్‌లెస్ పికప్పు పెట్టి, రాగిరేకు అతికించి, ఎర్తు సరిచూసి యాంప్లిఫయరు పూర్తిగా పెంచితే ఇంకా సన్నగా "స్‌స్‌స్"మని వినబడుతుంది. వేడివల్ల రాగితీగలోనూ, యాంప్లిఫయరు భాగాల్లోనూ ఎలక్ట్రానులు ఎప్పుడూ అటూ ఇటూ చెదిరి తిరుగుతుంటాయి. ఆ చెదురుబాటు చేసే సవ్వడి ఇది. బయటినుంచి వచ్చే గుయ్ శబ్దం రెండు చుట్టల్లోనూ ఒకేలా ఉంటుంది కనుక తీసివేయగలిగాం. ఇది ఏ చుట్టలో దానిదే, ఒకదానితో ఒకటి పోలదు. 3 లోంచి 3 తీసేయాలంటే ముందు రెండూ 3 కావాలి గదా!